ఇంగ్లండులో ఇల్లు: మాట, వ్రాత, వాటా



మన కుటుంబాల పిల్లలు ఎందరో ఉద్యోగాల నిమిత్తం ఇంగ్లండులో స్థిరపడుతున్నారు. కొన్నేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపిన తర్వాత సొంత ఇల్లు కొనే ఆలోచన చేస్తారు. ఇక్కడి నుండి తల్లిదండ్రులు సొమ్ము పంపుతారు. ఎవరి పేరున కొనాలి, రేపు ఎవరికి చెందుతుంది అన్న మాట మాత్రం చాలా ఇళ్ళలో ఎత్తరు. ఆ దేశపు చట్టం మన మనసులోని ఉద్దేశాన్ని కాక కాగితం మీది వ్రాతను చూస్తుంది. ఇది మనకు కొత్త పాఠం కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని బోధించే బఖరా సూరాలోని 282వ ఆయత్ దివ్య ఖుర్ఆన్‌లోని ఆయత్‌లన్నిటిలోకి పొడవైనది. ఈ విషయమై తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను ఈ నెల పరిశీలిద్దాం. ఇక్కడ చెప్పేది ఇంగ్లండు చట్టం గురించి. స్కాట్లాండు చట్టం వేరు.

ప్రశ్న: బేరం కుదిరింది, అమ్మేవారు ఒప్పుకున్నారు. ఇక ఇల్లు మాదేనా?

జవాబు: కాదు. మన దగ్గర బేరం కుదరగానే బయానా ఇచ్చి అగ్రిమెంటు వ్రాసుకుంటాం. అక్కడ ధర ఒప్పుకున్న నాటికి ఎవరికీ చట్టపరమైన బాధ్యత ఏర్పడదు. 1989 నాటి చట్టం ప్రకారం స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం షరతులన్నిటితో వ్రాతపూర్వకంగా ఉండాలి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఇరువైపుల న్యాయవాదులు ఆ ఒప్పంద పత్రాలను మార్చుకున్న రోజునే బేరం కట్టుబడి అవుతుంది. సాధారణంగా ధరలో 10 శాతం ఆ రోజు చెల్లించాలి. ఆ తర్వాత కొనేవారు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోగొట్టుకోవలసి వస్తుంది. కనుక పత్రాల మార్పిడి జరగనిదే అద్దె ఇంటికి ఖాళీ నోటీసు ఇవ్వకండి.

ఈ వ్యవధిలో ఎక్కువ ధర ఇచ్చేవారు వస్తే అమ్మేవారు వారివైపు మొగ్గడాన్ని చట్టం ఆపదు. అయితే ఒకరి బేరం మీద మరొకరు బేరం చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. చట్టం వదిలిపెట్టిన ప్రతిదీ విశ్వాసికి ధర్మసమ్మతం కాజాలదు.

ప్రశ్న: ఇల్లు అమ్ముతున్నాము. లోపాలన్నీ చెప్పి తీరాలా?

జవాబు: ఇంటిని పరీక్షించుకునే భారాన్ని అక్కడి చట్టం ప్రధానంగా కొనేవారిపైనే పెట్టింది. అందుకే కొనేవారు సొంత ఖర్చుతో నిపుణుని చేత ఇంటి తనిఖీ చేయించుకోవాలి. అయితే అమ్మేవారు ఇంటి వివరాల ఫారం ఒకటి పూర్తి చేసి ఇస్తారు. పొరుగువారితో తగాదాలు, వరద, ఇంటికి చేసిన మార్పులు, పునాదులకు హాని చేస్తుందని భయపడే జపనీస్ నాట్‌వీడ్ అనే మొక్క వంటివి అందులో అడుగుతారు. అక్కడ అబద్ధం వ్రాస్తే, దానిని నమ్మి కొన్నవారు 1967 నాటి చట్టం క్రింద నష్టపరిహారం కోరవచ్చు. ఇక మన ధర్మం విషయానికి వస్తే, తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం మోసమే. కొనేవారూ అమ్మేవారూ నిజం చెప్పి, లోపాలు వెల్లడించినప్పుడే ఆ వ్యాపారంలో శుభం ఉంటుందని ప్రవక్త (స) బోధించారు.

ప్రశ్న: అబ్బాయి ఇంటికోసం పొలం అమ్మి డబ్బు పంపుతున్నాము. అక్కడి న్యాయవాది ఇన్ని కాగితాలు ఎందుకు అడుగుతున్నారు?

జవాబు: అక్రమ ధనం చలామణి కాకుండా, సొమ్ము ఎక్కడి నుండి వచ్చిందో విచారించవలసిన బాధ్యత అక్కడి న్యాయవాదిపై ఉంది. పొలం అమ్మిన దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధంగా ఉంచండి. అబ్బాయి బ్యాంకు ద్వారా ఇంటి ఫైనాన్సు తీసుకుంటుంటే, ఈ సొమ్ము బహుమానమనీ, తిరిగి కోరబోమనీ, ఇంటిలో మాకు వాటా లేదనీ వ్రాసి సంతకం చేయమని మిమ్మల్ని అడుగుతారు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఇంట్లో "ఇది అప్పు, నెమ్మదిగా తీర్చు" అని చెప్పి, కాగితం మీద "బహుమానం" అని సంతకం చేయడం అబద్ధపు సాక్ష్యమే అవుతుంది. రేపు ఆ దంపతులు విడిపోయినా, అబ్బాయి మరణించినా, మీ సంతకమే మీకు ఎదురు నిలుస్తుంది. అప్పు అయితే అప్పు అనే చెప్పండి. ఇంటిలో వాటా కోరితే దానికి వేరే ధృవపత్రం వ్రాయించండి. నిజంగా బహుమానమే అయితే, మిగిలిన సంతానం సంగతి కూడా ఆలోచించండి. పిల్లలకు ఇచ్చే కానుకల్లో న్యాయం పాటించమని ప్రవక్త (స) ఆదేశించారు.

ప్రశ్న: హైదరాబాదులో ఫ్లాటు ఉంటే అక్కడి పన్నుపై ప్రభావం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న రేట్ల ప్రకారం, 3,00,000 పౌండ్ల ఇంటికి తొలిసారి కొనేవారు స్టాంపు డ్యూటీ చెల్లించనక్కరలేదు. ఇతరులు 5,000 పౌండ్లు చెల్లించాలి. 40,000 పౌండ్లు లేక అంతకు మించిన విలువగల మరో ఇల్లు ఉండి, పాత నివాసం అమ్మి దాని స్థానంలో కొనడం కాకపోతే, మొత్తం ధరపై మరో 5 శాతం కలిసి 20,000 పౌండ్లు అవుతుంది. ఆ మరో ఇల్లు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా లెక్కలోకి వస్తుంది, జీవిత భాగస్వామి పేరున ఉన్నా సరే. వారసత్వంగా వచ్చిన వాటాను కూడా దాచకుండా న్యాయవాదికి తెలపండి.

ప్రశ్న: భార్యాభర్తలిద్దరి పేర్లూ వ్రాయిస్తే సరిపోతుందా?

జవాబు: ఏ పద్ధతిలో వ్రాయించారన్నదే ముఖ్యం. మొదటిది జాయింట్ టెనెన్సీ. (ఇక్కడ టెనెంట్ అంటే అద్దెకుండేవారు అని అర్థం కాదు, యజమాని అనే.) ఈ పద్ధతిలో ఒకరు మరణిస్తే ఇల్లు మొత్తం రెండవవారికే చెందుతుంది. వీలునామా వ్రాసినా దానికి అడ్డురాదు. ఖుర్ఆన్ వాటాలు నిర్ణయించిన తల్లికి, తండ్రికి, కొడుకులకు, కూతుళ్ళకు ఆ ఇంటిలో ఏమీ దక్కదు. రెండవది టెనెన్సీ ఇన్ కామన్. ఇందులో ఎవరి వాటా వారిది. మరణానంతరం అది వీలునామా ప్రకారం పంపకమవుతుంది. షరీఅత్ ప్రకారం వారసత్వం జరగాలని కోరేవారికి ఈ రెండవదే మార్గం. ఇప్పటికే మొదటి పద్ధతిలో కొన్నవారు వ్రాతపూర్వక నోటీసు ద్వారా మార్చుకోవచ్చు.

అయితే వీలునామా లేకపోతే దీనివల్ల ప్రయోజనం లేదు. వీలునామా వ్రాయకుండా మరణిస్తే అక్కడి చట్టమే ఆస్తిని పంచుతుంది. భార్య, పిల్లలు ఉన్నప్పుడు తొలి 3,22,000 పౌండ్లు, మిగిలినదానిలో సగం భార్యకు, తక్కిన సగం పిల్లలకు వెళ్తుంది. తల్లిదండ్రులకు ఏమీ రాదు. వీలునామాపై ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. ఆస్తి పొందేవారు గానీ, వారి జీవిత భాగస్వామి గానీ సాక్షిగా ఉండరాదు. భార్యకు తగిన ఏర్పాటు చేయకపోతే ఆమె 1975 నాటి చట్టం క్రింద కోర్టుకు వెళ్ళవచ్చు. కనుక ఆమె నివాసం సంగతి ముందే ఆలోచించి వ్రాయించాలి.

ప్రశ్న: ఇల్లు భర్త పేరునే ఉంది. భార్యకు రక్షణ ఏమిటి?

జవాబు: చట్టబద్ధమైన భార్యకు, తన పేరు లేకపోయినా ఆ ఇంటిలో నివసించే హక్కును 1996 నాటి కుటుంబ చట్టం కల్పించింది. ఆ హక్కును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించుకుంటే, ఆమెకు తెలియకుండా ఇల్లు అమ్మడం కష్టమవుతుంది. మన దేశంలో ఇక్కడి చట్టానుసారం జరిగిన నికాహ్‌ను అక్కడ సాధారణంగా గుర్తిస్తారు.

అక్కడే, చట్టప్రకారం రిజిస్టరు కాకుండా ఇంటిలోనో హాలులోనో జరిగిన నికాహ్ సంగతి వేరు. అటువంటి వేడుక వివాహంగానే పరిగణనకు రాదని 2020లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆ స్త్రీ అల్లాహ్ దృష్టిలో భార్య, చట్టం దృష్టిలో కాదు. సంబంధం చెడితే ఇంటిపై భార్యగా ఏ హక్కూ అడగలేదు. కూతురిని అక్కడికి అత్తవారింటికి పంపే తల్లిదండ్రులు మహర్ గురించి అడిగినట్లే, వివాహ రిజిస్ట్రేషన్ గురించి కూడా నిస్సంకోచంగా అడగాలి.

సోదర సోదరీమణులారా! ఒప్పంద పత్రాలు మార్చుకోకముందే కుటుంబమంతా కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి: ఈ సొమ్ము అప్పా, బహుమానమా? ఇల్లు ఎవరి పేరున, ఏ పద్ధతిలో? వీలునామా ఎప్పుడు? తేల్చుకున్నదానిని అక్కడి న్యాయవాది చేత వ్రాయించండి. కొడుకును వ్రాతపూర్వకంగా అడగడం అతనిపై అపనమ్మకం కాదు. రేపు మనం లేనప్పుడు అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు ఒకరినొకరు అనుమానించుకోకుండా కాపాడేది ఆ వ్రాతే.