నగలు తాకట్టు పెట్టిన తల్లి

ఇంట్లో ఒక పెద్దావిడ కన్నుమూస్తే ఆమెను గురించి మనం చెప్పుకునే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫజ్ర్ అజాన్‌కు ముందే లేచేవారని, అందరూ తిన్న తరువాతే తినేవారని, మనవళ్ల కోసం ఏదో ఒకటి దాచి ఉంచేవారని తలచుకుంటాము. అవన్నీ నిజమే. కాని ఆమె తన జీవితంలో ఏ కష్టకాలంలో ఏ నిర్ణయం తీసుకున్నారు, దానికి ఏమి వదులుకున్నారు అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి సమాధానం తోచదు. అందుకే ఈ నెల ఒక తల్లిని, ఒక దాదీని ఆమె నిర్ణయాల ద్వారా స్మరించుకోదలచాము.

ఆమె పేరు ఆబాదీ బానో బేగం. దేశమంతా బీ అమ్మా అని పిలుచుకుంది. మౌలానా షౌకత్ అలీ, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ సోదరుల కన్నతల్లి ఆమె. రాంపూర్‌లో భర్త అబ్దుల్ అలీ ఖాన్ కలరాతో మరణించేనాటికి ముహమ్మద్ అలీకి రెండేళ్లయినా నిండలేదు. ఆమెకు బడి చదువు లేదు. అయినా పిల్లలను ఆంగ్ల పాఠశాలకు పంపాలని సంకల్పించారు. ఆ చదువు పిల్లల ధర్మాన్ని చెరుపుతుందన్న భయం ఆనాడు పెద్దల్లో బలంగా ఉండేది. ఆస్తి వ్యవహారాలు చూస్తున్న బంధువు డబ్బు ఇవ్వడానికి నిరాకరించారు. ఆ తల్లి ఎవరితోనూ తగవు పడలేదు. గుట్టుగా తన నగలు తాకట్టు పెట్టి బిడ్డలను బరేలీ బడికి పంపారు. ఆ దారి అలీగఢ్ మీదుగా ముహమ్మద్ అలీని ఆక్స్‌ఫర్డ్ దాకా తీసుకువెళ్లింది. ఇంటి దీనీ శిక్షణ వల్ల ఆ చదువు ఆయన విశ్వాసాన్ని సడలించలేదు.

బిడ్డలు పైకి వచ్చారు, ఇక ఆమెకు విశ్రాంతి అనుకునే సమయంలో అసలు పరీక్ష మొదలయింది. 1915లో ప్రభుత్వం సోదరులిద్దరినీ నిర్బంధించింది. హామీపత్రం మీద సంతకం చేస్తే విడిచిపెడతామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అటువంటి షరతులకు తలొగ్గి బయటకు రావడం తన బిడ్డలకు తగదని ఆమె పర్దా వెనుక నుండే తేల్చి చెప్పారు. 1917లో కలకత్తాలో జరిగిన ముస్లిం లీగ్ సమావేశానికి ముహమ్మద్ అలీని అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. ఆయన నిర్బంధంలో ఉన్నారు. అధ్యక్షుడు లేని ఆ సభలో బుర్ఖాలో ఉన్న ఆయన తల్లి మాట్లాడారు.

ఈ చరిత్రలో మన నేల కూడా ఉంది. 1921 సెప్టెంబరులో గాంధీజీతో కలిసి మద్రాసుకు ప్రయాణిస్తున్న ముహమ్మద్ అలీని పోలీసులు వాల్తేరు రైల్వే స్టేషన్‌లో అరెస్టు చేశారు. ఆయన భార్య అమ్జదీ బేగం ఆ ప్రయాణంలో వెంట ఉన్నారు. కరాచీలో విచారణ జరిపి సోదరులిద్దరికీ రెండేళ్ల కఠిన శిక్ష విధించారు. కొడుకులిద్దరూ చెరసాలలో ఉన్న ఆ రోజుల్లో, మనవరాళ్ల మధ్య కూర్చుని తస్బీహ్ చేసుకోవలసిన వయసులో, ఆ వృద్ధురాలు కోడలిని వెంటబెట్టుకుని ఊరూరా సభలకు వెళ్లారు. తన ముందున్నవారందరూ తన బిడ్డలేనన్నారు. ముహమ్మద్ అలీ విడుదలై 1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. మరుసటి సంవత్సరం నవంబరులో బీ అమ్మా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

బిడ్డను కళ్లెదుట ఉంచుకోవడమే తల్లి ప్రేమ అని మనం భావిస్తాము. బీ అమ్మా ఒకసారి బిడ్డలను చదువు కోసం, మరొకసారి సత్యం కోసం తన నుండి దూరంగా పంపారు. రెండోది మొదటిదానికన్నా ఎంతో కఠినం. సూరా లుఖ్మాన్‌లో అల్లాహ్ తల్లి మోసిన భారాన్ని ప్రత్యేకంగా గుర్తు చేశాడు. ఆ భారం కాన్పుతో తీరిపోదని ఈ జీవితం చూస్తే అర్థమవుతుంది.

మన ఇళ్లలోనూ బంగారం ఉంది. ఆడపిల్ల కళాశాల రుసుము కట్టవలసి వస్తే, అది పెళ్లికి దాచినదని బీరువా తాళం తీయని ఇళ్లు మనకు తెలుసు. ఆ కాలంలో ఆ తల్లి కొడుకుల కోసం చేసిన పని ఈనాడు మన కూతుళ్లకు, మనవరాళ్లకు కూడా హక్కుగా అందవలసి ఉంది.

మరొక మాట. ముహమ్మద్ అలీ తన తల్లి త్యాగాన్ని స్వయంగా వ్రాసిపెట్టారు కాబట్టే అది మనదాకా వచ్చింది. మన అమ్మలు, నానీలు, దాదీలు తాకట్టు పెట్టిన నగల కథ ఎవరు వ్రాస్తారు? వారు జీవించి ఉండగానే ఈ సాయంత్రం పక్కన కూర్చుని అడుగుదాము. చెప్పడానికి మొహమాటపడతారు, ఏముందిలే అంటారు. ఓపికగా మళ్లీ అడుగుదాము.

లోకాన్ని విడిచి వెళ్లిన తల్లుల కోసం చేయవలసిన దుఆను అల్లాహ్ సూరా బనీ ఇస్రాయీల్‌లో మనకు నేర్పాడు. చిన్ననాడు వారు మనల్ని సాకినట్లు వారిపై కరుణ చూపమని వేడుకోవడం అందులోని సారం. ప్రతి నమాజు తరువాత ఆ దుఆ చేద్దాము. అల్లాహ్ వారందరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక, ఆమీన్.