ఎబెట్స్ ఫీల్డ్ కోసం ఏడుపులు

బ్రూక్లిన్ డాడ్జర్స్ మీద నేను చదివిన బేస్‌బాల్ పుస్తకాలన్నిట్లో ఒకటే శోకం: ఓనరు ఓమాలీ జట్టుని లాస్ ఏంజిలిస్‌కి పట్టుకుపోయాడు, 1960లో ఎబెట్స్ ఫీల్డ్‌ని కూల్చేశారు.

సరే. జట్టు వెళ్ళిపోతుందని ఊరంతా అనుకుంటూనే ఉన్నా, 1957 సెప్టెంబర్ 24న అక్కడ ఆఖరి ఆటకి వచ్చింది 6,702 మంది. ముప్ఫై వేలు పట్టే స్టేడియం! మిగతా భక్తులు ఎటుపోయారో.

అసలు కోపం అది కాదు. డాడ్జర్స్ కొత్త స్టేడియం లేచిన చావెజ్ రవీన్‌లో అంతకుముందు మెక్సికన్ అమెరికన్ల ఇళ్ళుండేవి. పేదలకి ప్రభుత్వ ఇళ్ళు కడతామని వాళ్ళని ఖాళీ చేయించారు, కట్టనేలేదు. కదలమన్నవాళ్ళని 1959లో షెరీఫ్ మనుషులు ఇంట్లోంచి మోసుకొచ్చి బయట పడేశారు. వెనకే బుల్డోజర్లు. ఇదంతా మన రచయితలకి ఒక పేరా, అదీ ఉంటే. ఈ సంగతి ఎగ్గొట్టిన పుస్తకాన్ని నేను చరిత్ర షెల్ఫులో పెట్టను.