దుఃఖం దొరకలేదు



ఒక పనిముట్టును మెచ్చుకుంటూ ఈ టపా రాయాలని చాలాకాలం క్రితమే అనుకున్నాను. అప్పుడే రాసి ఉంటే నిండు మనసుతో రాసి ఉండేవాణ్ణి. ఇప్పుడూ మెచ్చుకుంటూనే రాస్తున్నాను. అయితే దాన్ని నమ్ముకొని నేను చేసిన తప్పొకటి ఉంది. దాన్ని దాచిపెట్టి మెచ్చుకోవడం న్యాయం కాదు.

ఐరాలలో మా ఇంట ఉన్న పాత లాప్‌టాపులో ఇంచుమించు 4000 ఫైళ్ళున్నాయి. 2007లో బ్లాగు తెరిచిన నాటినుంచి రాసిన చిత్తుప్రతులు, బడిలో చెప్పిన పాఠాల టిప్పణాలు, ఈ చుట్టుపట్ల పల్లెల్లో రైతుల నోట, ముసలమ్మల నోట విని రాసుకున్న మాటలు, మిత్రులు పంపిన కావ్యపాఠాలు, అన్నీ అందులోనే. పేర్లు పెట్టడంలో నాకు క్రమశిక్షణ లేదు. “కొత్తది”, “కొత్తది 2”, “అసలైన కొత్తది” అనే ఫైళ్ళు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. 33 ఏళ్ళు పిల్లలకు క్రమశిక్షణ బోధించినవాడి పెట్టె ఇది!

మా మండలంలోనిదే కాణిపాకం. వినాయక చవితి నాడు మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాలకు బెంగుళూరునుంచి కుటుంబంతో వచ్చిన నా పాత శిష్యుడొకడు, దర్శనమైన తరువాత నన్ను చూడవచ్చాడు. ఆ సమయానికి నేను ‘కపిల’ అన్న మాటను ఏ ఫైలులో రాసుకున్నానో తెలియక ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను. ఎద్దులను కట్టి బావినుంచి నీళ్ళు తోడే కపిల సంగతి ఇది. మోటార్లు వచ్చాక కపిలతోబాటు ఆ మాటా మూలపడింది. “అయ్యవారూ, ఇన్నేళ్ళకూ ఇంకా ఇట్లనే వెతుకుతున్నారా?” అని నవ్వి, నా లాప్‌టాపులో రిప్‌గ్రెప్ అనే పనిముట్టును దించి పెట్టాడు.

దానికి కిటికీ లేదు, బొమ్మ లేదు, బొత్తాము లేదు. నల్లని తెరమీద ఆర్, జీ అనే రెండక్షరాలు కొట్టి, ఖాళీ విడిచి, కావలసిన మాట రాసి, ఎంటర్ మీట నొక్కాలి. ఆ సంచిలోనూ దాని లోపలి సంచులన్నిటిలోనూ ఉన్న పాఠం మొత్తం గాలించి, మాట ఉన్న వరుసను ఫైలు పేరుతో సహా చూపుతుంది. కపిల అని కొట్టి మీటమీదినుంచి వేలు తీసేలోపల జవాబు వచ్చింది. నీళ్ళ కపిల 11 చోట్ల ఉంది. దానితో కపిల మహర్షి, తిరుపతి కపిలతీర్థం కూడ కొట్టుకొచ్చాయి. వాటిని ఏరి పారేయడం నా పని, దాని పని కాదు. నల్లతెర మీద మన ఒత్తులు, గుణింతాలు చిందరవందరగా కనబడతాయి. కాబట్టి ఫలితాన్ని ఒక ఫైలులోకి మళ్ళించి, మామూలు ఎడిటరులో తెరిచి చదువుకోవడం మేలు.

దీని తాత పేరు గ్రెప్. 1970ల ఆరంభంలో యూనిక్స్ కోసం కెన్ థాంప్సన్ రాశాడు. ‘ఎడ్’ అనే ఎడిటరులో “ఫైలంతటా ఈ నమూనాకు సరిపోయే వరుసలను చూపు” అని చెప్పే ఆజ్ఞలోని అక్షరాలే దాని పేరయ్యాయి. ఆ థాంప్సన్‌గారే 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 అనే కూర్పును రూపొందించారు. మీరూ నేనూ రాసే ప్రతి తెలుగు అక్షరమూ ఇవాళ జాలంలో ఉండేది ఆ కూర్పులోనే. వెతికేవాడూ దాచేవాడూ ఒకడే కావడం నాకు ముచ్చటగా తోస్తుంది. రిప్‌గ్రెప్‌ను ఆండ్రూ గాలంట్ అనే ఆయన రస్ట్ భాషలో రాసి 2016లో విడుదల చేశాడు. ఉచితం, మూలం కూడ అందరికీ తెరిచి ఉంది. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరులో వెతికే పని చేసేది ఇదేనని శిష్యుడు చెప్పాడు.

దీని వేగానికి కారణాలు కొన్ని నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఫైళ్ళను ప్రాసెసరులోని భాగాలన్నిటికీ పంచి ఒకేసారి వెతికిస్తుంది. మాటలో అరుదుగా కనిపించే బైటు ఏదో అంచనా వేసి ముందు దానికోసం చూస్తుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఆ మూడింటిలో మొదటిది ఇంటిపేరులాగ అన్నిటికీ ఒకటే. కాబట్టి మొదటి బైటు పట్టుకొని వెతికితే ఊళ్ళో అందరూ పలుకుతారు. నమూనా ఎంత చిక్కుగా ఉన్నా, పట్టే కాలం పాఠం పొడుగునుబట్టి పెరుగుతుంది గాని హద్దు మీరదు. ఇంకొక మేలు నన్ను మరీ సంతోషపెట్టింది. ఆ రోజుల్లో విండోస్ నోట్‌పాడులో ‘యూనికోడ్’ అని ఎంచుకొని దాచిన ఫైళ్ళు నిజానికి యూటీఎఫ్-16లో ఉంటాయి. పాత గ్రెప్ వాటిని చదవలేదు. ఇది ఫైలు మొదటనున్న గుర్తును చూసి తానే మార్చుకొని చదువుతుంది. నా 2007, 2008 నాటి రాతలు అట్లా బయటపడ్డాయి.

ఇక పండితుడి చేతికి ఇది దొరికితే ఏమవుతుందో వినండి.

తెలుగు మాట నిలకడగా ఒకచోట ఒకే రూపంతో కూర్చోదు. ప్రథమ మీద పరుషాలకు గసడదవలు వస్తాయి. ద్రుతం మీద సరళాలు వస్తాయి. ‘పలికె’ అన్నది పక్కనున్న మాటనుబట్టి ‘వలికె’ అవుతుంది, ‘బలికె’ అవుతుంది. పలికె అని మాత్రమే అడిగితే కావ్యంలో సగం దొరకదు. రిప్‌గ్రెప్‌లో చదరపు బ్రాకెట్లలో కొన్ని అక్షరాలు పెడితే వాటిలో ఏదైనా సరే అని అర్థం. కాబట్టి [పబవ]లికె అని అడగాలి. అట్లే చకారానికి [చజస], కకారానికి [కగ], తకారానికి [తద], టకారానికి [టడ]. పాణిని ప్రత్యాహారాలు చదువుకున్నవారికి ఇది కొత్త విద్య కాదు. అచ్ అంటే అచ్చులన్నీ ఎట్లాగో ఇదీ అట్లాగే. అక్షరం తరువాత ప్రశ్నార్థకం పెడితే ఆ అక్షరం ఉన్నా సరే లేకున్నా సరే అని. అందుచేత వాఁ?డు అంటే అరసున్న పాటించిన ప్రతీ పాటించని ప్రతీ రెండూ చిక్కుతాయి. అచ్చు సంధి మాత్రం ఏడిపించింది. ‘ఇల్లు’ ముందు మాటతో కలిస్తే ఇకారం పోయి గుడి మిగులుతుంది. యూనికోడులో ఆ రెండూ వేర్వేరు సంకేతాలు. రెండింటినీ పట్టమంటే ఇల్లుతోబాటు విల్లు, చిల్లు, కరెంటు బిల్లు కూడ వచ్చి వాకిట నిలబడ్డాయి.

నెల తిరిగేసరికి 4 పేజీల నమూనాల పట్టిక తయారైంది. బాలవ్యాకరణంలోని సంధి పరిచ్ఛేదాన్ని యంత్రానికి నేర్పించానని నాకు లోలోపల గర్వం.

ఆ గర్వంలో ఉండగా నా మిత్రుడొకాయన కాలం చేశారు. మనలో చాలామందికి ఆయన రాతలు తెలుసు. పేరు చెప్పడం వారి ఇంటివారికి ఇష్టం ఉండకపోవచ్చు. 2008నుంచి 9 ఏళ్ళు ఉచిత సేవలో బ్లాగు నడిపారు, 600 పైచిలుకు టపాలు. నవ్వించడంలో దిట్ట. కూతురు ఆ బ్లాగు మొత్తాన్ని దించి నాకు పంపింది. నా శిష్యుడు దాన్ని టపాకొక ఫైలుగా విడగొట్టి ఇచ్చాడు. సంతాపసభలో నేను మాట్లాడాలి. 600 టపాలు మళ్ళీ చదవడానికి 2 రోజులే వ్యవధి. చదవలేదు. వెతికాను.

‘దుఃఖ’ అని అడిగాను. విభక్తులు అడ్డం రాకూడదని చివర సున్న కూడ తీసేశాను. చూడండి ఎంత జాగ్రత్తో! జవాబు లేదు. దొరకనప్పుడు ఈ పనిముట్టు ‘లేదు’ అని కూడ అనదు. ఊరకే తరువాతి ఆజ్ఞకోసం కాచుకొని ఉంటుంది. సభలో లేచి, ఆయన 9 ఏళ్ళ రాతల్లో దుఃఖమనే మాట ఒక్కసారి కూడ లేదు, కంప్యూటరుతో వెతికి మరీ చెబుతున్నాను అన్నాను. చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. “అన్నా, దుఃఖమనే మాటే రాయలేదంటిరే. మా పెద్దోడు పోయినప్పుడు ఆయన రాసింది మీరు చదవలేదా?” అనింది.

చదివాను. ఆ టపాకు మొదటి వ్యాఖ్య రాసినవాణ్ణి నేనే.

ఇంటికి వచ్చి ఆ టపా తెరిచాను. రెండో వాక్యంలోనే ఉంది ఆ మాట. నా కళ్ళకు కనిపిస్తున్నది యంత్రానికెందుకు కనిపించలేదో పావుగంట అర్థం కాలేదు. అక్షరాలను బాగా పెద్దవి చేసి చూస్తే తెలిసింది. ఆయన రాసింది దు:ఖం. ఆ నడుమనున్నది విసర్గ కాదు, కోలన్. విసర్గకు ఏ మీట నొక్కాలో తెలియక ఆ రోజుల్లో మనలో ఎందరమో చేతికందిన రెండు చుక్కలు పెట్టి ముందుకు సాగిపోయినవాళ్ళమే. కంటికి ఒకటే. యంత్రానికి ఒకటి 15 బైట్ల మాట, ఇంకొకటి 13 బైట్ల మాట. వేషం మార్చిన మాటను గుర్తుపట్టడమే వృత్తిగా బతికినవాణ్ణి, గసడదవలకు వలపన్ని రెండు చుక్కల దగ్గర బోర్లాపడ్డాను. దు[ః:]?ఖ అని మళ్ళీ అడిగితే 31 చోట్ల దొరికింది. 29 కోలన్‌తో, 2 అసలు విసర్గే లేకుండా.

ఆ తరువాత కూర్చుని మన రాతల్లో మాటలు ఇంకా ఎక్కడెక్కడ దాక్కుంటాయో చూశాను. పొల్లు విడిగా నిలవడానికి మనం నడుమ పెట్టే కనబడని అక్షరం ఒకటి. నేను పైన రాసిన ‘రిప్‌గ్రెప్’లో అది ఉంది. అది లేకుండా రాస్తే ‘రిప్గ్రెప్’. ఒకదాన్ని అడిగితే రెండోది రాదు. పాత వెబ్ పుటలు కొన్నిటిలో ‘త’ అన్న అక్షరం అక్షరంగా ఉండదు, 3108 అనే అంకెగా ఉంటుంది. అను ఖతులతో పేజ్‌మేకరులో కూర్చిన పుస్తకాల ఫైళ్ళలో లోపల ఉన్నది తెలుగే కాదు, ఆంగ్ల సంకేతాలకు తొడిగిన తెలుగు బొమ్మలు. వర్డ్ డాక్స్ ఫైలు మూట కట్టి ఉంటుంది, మామూలుగా దాని లోపలికి ఈ వెతుకులాట పోదు. ఇవన్నీ పక్కన పెట్టినా, దాచిన ఫైళ్ళనూ, పట్టించుకోవద్దని రాసిపెట్టిన ఫైళ్ళనూ చెప్పకుండానే వదిలేస్తుంది. అన్నీ చూడమని విడిగా చెప్పాలి.

ఇది విని ఒక మిత్రుడు, గూగులయితే రెండింటినీ కలిపి ఊహించి చూపేది కదా అన్నాడు. నేను ఒప్పుకోను. ఊహించేవాడు ఏది కలిపాడో, ఏది వదిలాడో నాకు చెప్పడు. రిప్‌గ్రెప్ నేను అడిగిందే వెతికింది, ఒక్క చుక్క అటూ ఇటూ చేయలేదు. కాబట్టే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోగలిగాను. తప్పు నా ప్రశ్నలో ఉంది. అంతకంటె పెద్దది, నేను చదివిన టపాను నేనే నమ్మకపోవడంలో ఉంది.

నా ఫిర్యాదు పనిముట్టుమీద కాదు, దాన్ని అడ్డం పెట్టుకొని మనం చేస్తున్న తీర్పులమీద. ఫలానా కవి ఈ పదాన్ని 17 సార్లు వాడాడు, ఆ పదాన్ని అసలు వాడలేదు అని వ్యాసాల్లో రాస్తుంటారు. ఏ ప్రతిలో వెతికారు? ఏ నమూనాతో వెతికారు? అది చెప్పకపోతే 17 అన్నదానికి ‘కనీసం 17’ అని మాత్రమే అర్థం. ‘లేదు’ అన్నదానికి అర్థమే లేదు. పైగా మామూలుగా లెక్కపెట్టమంటే ఇది లెక్కించేది వరుసలను. ఒక పద్యపాదంలో మాట రెండుసార్లు వచ్చినా ఒకటిగానే లెక్క. మాటలను లెక్కించే ఆజ్ఞ వేరే ఉంది. ఎంతమందికి తెలుసో!

మాట దొరికినా సంగతి దొరుకుతుందని లేదు. కపిలను తెలంగాణలో మోట అంటారు. కపిల అని అడిగినవాడికి మోట ఎట్లా వస్తుంది? భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. ఒకే పనిముట్టుకు ఊరూరా ఉన్న వేర్వేరు పేర్లను రైతుల నోటనే అడిగి రాసుకున్నారు వారు. ‘ఈ మాట ఉందా’ అని కాదు, ‘దీన్ని మీరేమంటారు’ అని అడిగారు. మా మిత్రుడి ఆ టపాలోనే, రెండు చుక్కల మాట సంగతి అటుంచి, కొడుకు చెప్పులు పంచలో అట్లే ఉన్నాయని ఒక వాక్యం ఉంది. దాన్ని పట్టే నమూనా నా 4 పేజీల్లో లేదు.

నా మనవి ఒకటే. ఉచిత సేవల్లో రాసుకున్న మనందరి బ్లాగులనూ దించి, మామూలు పాఠం ఫైళ్ళుగా, యూటీఎఫ్-8లో దాచుకోండి. అటువంటి సేవలు ఎన్ని మూతపడ్డాయో మీకు తెలుసు. ఇకమీద విసర్గను విసర్గగానే రాయండి. పాతవాటిని మాత్రం దిద్దకండి, వెతికేవాడే రెండు రకాలుగానూ అడుగుతాడు. కోలన్‌లన్నీ నిమిషంలో మార్చి ఇస్తానన్నాడు శిష్యుడు. రిప్‌గ్రెప్‌తో అయితే మార్పు తెరమీద చూపడమే గాని ఫైలులో అక్షరం ముట్టుకోదట, దానికి వేరే పనిముట్టు కావాలట. వద్దన్నాను.

మరునాడు చెల్లెమ్మ ఇంటికి పోయి, సభలో చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ 31 చోట్లూ కాగితంమీద అచ్చు తీసి ఇవ్వమంది. చిత్తూరుకు పోయి తీయించి తెచ్చాను, రెండు చుక్కలు ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉంచి.