రక్తం ముందే చెబితే సంఘం ఏం చేస్తుంది?

ఆదివారం ఆరాధనలో ఎవరైనా ఆగకుండా దగ్గితే పక్కనున్నవారు కాస్త జరిగి కూర్చుంటారు. దగ్గిన సహోదరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా బయటికి వెళ్లిపోతుంది. వచ్చే ఆదివారం రాదు. ఎందుకు రాలేదని అడిగితే ఇంట్లోవాళ్లు "ఒంట్లో నలతగా ఉంది" అంటారు. మన సంఘాల్లోకి టీబీ ఇలా పేరు చెప్పకుండా వస్తుంది. ఒక్కోసారి మనిషిని వెంటబెట్టుకునే పోతుంది.

ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒక కొత్త మాట చెబుతున్నారు. దగ్గు ముదరకముందే, కొందరిలో అసలు దగ్గు మొదలవకముందే, చిన్న రక్త పరీక్షతో టీబీ జాడ పట్టుకోవచ్చని. దీన్ని బయోమార్కర్ పరీక్ష అంటున్నారు. ఇలాంటి వార్త వినగానే ఆశ కలుగుతుంది. ఆ ఆశలో ఎంత నిజముంది, ఈరోజు మన ఊరి ల్యాబులో దొరికేది ఏమిటి, ఆ పరీక్ష నిజంగా వచ్చిన రోజున మన సంఘం దానికి సిద్ధంగా ఉంటుందా అన్న మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాం.

ముందు పరిస్థితి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 1 కోటి 7 లక్షల మంది టీబీతో జబ్బుపడ్డారు. 12 లక్షల 30 వేల మంది చనిపోయారు. జబ్బుపడిన ప్రతి నలుగురిలో ఒకరు మన దేశంవారే. 2025 నాటికి టీబీని అంతం చేస్తామని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసులు 2024 నాటికి 187కు తగ్గాయి. తగ్గిన మాట నిజం. అంతం మాత్రం ఇంకా దూరంగానే ఉంది.

మందులున్నా ఈ జబ్బు ఎందుకు తగ్గడం లేదు? ఆలస్యంగా దొరకడం ఒక పెద్ద కారణం. 1882 మార్చి 24న రాబర్ట్ కోఖ్ బెర్లిన్‌లో టీబీ క్రిమిని ప్రపంచానికి చూపించాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా మన ప్రధాన పరీక్ష తెమడను మైక్రోస్కోపు కింద చూడటమే. ఒక మిల్లీలీటరు తెమడలో వేల సంఖ్యలో క్రిములుంటే తప్ప ఆ అద్దం కింద కనబడవు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జన్యు పరీక్ష వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని సీబీనాట్ అంటారు. మన దేశంలోనే తయారైన ట్రూనాట్ కూడా అలాంటిదే. ఇవి రెండు గంటలు అటూఇటూగా ఫలితం చెబుతాయి, ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. కానీ ఊపిరితిత్తుల టీబీకి వీటికీ మామూలుగా తెమడే కావాలి. చిన్నపిల్లలు తెమడ ఉమ్మలేరు. హెచ్ఐవీ ఉన్నవారిలో క్రిములు తక్కువగా కనబడతాయి. వెన్నెముకకో, మెదడు పొరలకో, గ్రంథులకో వచ్చిన టీబీ తెమడలో దొరకదు. అందుకే అందరి చూపూ రక్తం మీద పడింది.

రక్తం ఏం చెబుతుంది? క్రిమి ఊపిరితిత్తిలో పెరగడం మొదలుపెట్టినప్పుడు మన తెల్లరక్తకణాలు ఊరుకోవు. వాటిలో కొన్ని జన్యువులు మేల్కొని పోరాటానికి సందేశాలు పంపుతాయి. పరీక్ష వెతికేది క్రిమిని కాదు, ఆ సందేశాలను. ఊరి మీదికి దొంగ వచ్చాడని కుక్కల అరుపును బట్టి తెలుసుకోవడం లాంటిదిది. 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల రక్తంలో 393 జన్యు సందేశాలతో కూడిన ఒక గుర్తును పరిశోధకులు కనుగొన్నారు. 2016లో దక్షిణాఫ్రికాలో 6,000 మందికి పైగా కౌమార వయస్కులను గమనించిన అధ్యయనం 16 జన్యువుల గుర్తును బయటపెట్టింది. టీబీ బయటపడటానికి ముందున్న ఏడాది కాలంలో, జబ్బుపడబోయే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరిని అది గుర్తించగలిగింది. తర్వాత మూడే జన్యువులతో, వేలి కొనను గుచ్చి తీసిన రక్తంతో చేసే పరీక్ష వరకు పరిశోధన వచ్చింది.

అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి. కుక్కలు దొంగను చూసే అరవాలని లేదు. ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్ జ్వరాలు వచ్చినా రక్తంలో ఇదే రకం అలజడి కనబడుతుంది. పైగా ముందే తెలిసినంత మాత్రాన ముప్పు తప్పిపోతుందని కూడా రుజువు కాలేదు. దక్షిణాఫ్రికాలోనే 11 జన్యువుల గుర్తు ఉన్నవారిని ఎంచి, వారిలో కొందరికి మూడు నెలల ముందస్తు మందు ఇచ్చి చూశారు. 2021లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, 15 నెలల్లో ఆ మందు టీబీని తగ్గించలేకపోయింది. కాబట్టి "ఒక్క చుక్క రక్తంతో టీబీ తేలిపోతుంది" అని ఎవరైనా నేడు చెబితే, ఆ మాట సత్యానికి కొంచెం ముందు పరుగెత్తుతోందని గ్రహించాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ముందు వడపోతకు వాడే పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో కనీస ప్రమాణం పెట్టింది. జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకోవాలి, జబ్బులేని 100 మందిలో 70 మందిని "లేదు" అని సరిగ్గా చెప్పాలి. వెయ్యిమంది విశ్వాసులున్న సంఘంలో పదిమందికి టీబీ ఉందనుకుందాం. అలాంటి పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మంది ఆరోగ్యవంతుల్లో 297 మందిని కూడా అనుమానితులంటుంది. మొత్తం 306 మంది మీద వేలు పడితే అందులో జబ్బున్నది తొమ్మిదిమందికే. ఇది పరీక్ష తప్పు కాదు. వడపోత పని అంతే. ఆ 306 మందికీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేస్తే తొమ్మిదిమంది తేలుతారు. కానీ ఈ మధ్యలో, ఫలితం ఇంకా తేలకముందే, ఆ 297 మంది పేర్లు సంఘంలో గుసగుసలైతే? పెళ్లి కుదిరిన అమ్మాయి పేరు అందులో ఉంటే?

మా ఆందోళన ఇదే. రోగనిర్ధారణ ముందుకు జరిగితే నిందకూడా ముందుకు జరుగుతుంది. ఇన్నాళ్లూ దగ్గి, చిక్కిపోయి, రక్తం పడ్డాక వెలివేశాం. రేపు ఏ లక్షణమూ లేని మనిషిని కాగితం చూసి వెలివేస్తామా?

ఈ సందర్భంలో లేవీయకాండము 13, 14 అధ్యాయాలను మళ్లీ నిదానంగా చదవమని కోరుతున్నాం. ఆ అధ్యాయాలను మనం తరచు వెలివేతకు గుర్తుగానే చెప్పుకుంటాం. కానీ యాజకునికి అక్కడ అప్పగించిన పని తొందరపడి తీర్పు చెప్పడం కాదు. మచ్చ అనుమానంగా ఉంటే ఏడు దినాలు ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ తేలకపోతే మరో ఏడు దినాలు ఆగాలి. వ్యాపించకపోతే పవిత్రుడని బహిరంగంగా చెప్పాలి. బాగుపడిన మనిషి దగ్గరికి యాజకుడే పాళెం వెలుపలికి నడిచి వెళ్లి, అతణ్ణి తిరిగి సమాజంలో చేర్చాలి. రెండోసారి చూసేదాకా నోరు కట్టుకోవడం, బాగయ్యాక చేయిపట్టి లోపలికి తేవడం. ఈ రెండూ మనం మరచిపోయాం.

తొందరపాటు తీర్పుకు మన దేశం ఒకసారి మూల్యం చెల్లించింది కూడా. రక్తంలో యాంటీబాడీలను చూసి టీబీ ఉందనో లేదనో చెప్పే కిట్లు ఏళ్లపాటు ప్రైవేటు ల్యాబుల్లో జోరుగా సాగాయి. అవి నమ్మదగినవి కావని, వాడవద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది. 2012లో మన ప్రభుత్వం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. అప్పటికే ఎందరో లేని జబ్బుకు మందులు మింగారు. ఎందరికో ఉన్న జబ్బు లేదని కాగితం వచ్చింది. వైద్యుల కోసం ఉన్నదంతా ఖర్చుపెట్టినా బాగుపడని స్త్రీ సంగతి సువార్తలో చదివిన మనకు ఆ బాధ కొత్త కాదు.

ఇంకో పరీక్ష గురించి కూడా స్పష్టత అవసరం. ల్యాబుల్లో "టీబీ గోల్డ్" పేరుతో చేసే రక్త పరీక్ష క్రిమి ఎప్పుడో ఒంట్లోకి ప్రవేశించిందని మాత్రమే చెబుతుంది. అది జబ్బుగా మారిందో లేదో చెప్పదు. మన దేశంలో కోట్లమందికి క్రిమి సోకి ఉంది. వారిలో ఎక్కువమందికి జీవితమంతా జబ్బు రాదు. కాబట్టి అది పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన కుంగిపోనక్కర్లేదు. వైద్యుని సలహా, ఎక్స్‌రే, అవసరమైన ఇతర పరీక్షలు జరిగాకే మాట.

మరి కొత్త పరీక్ష వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ టీబీ సర్వేలో రెండు సంగతులు బయటపడ్డాయి. లక్షణాలున్న ప్రతి 100 మందిలో దాదాపు 64 మంది ఏ వైద్యుని దగ్గరికీ వెళ్లలేదు. దొరికిన రోగుల్లో 100కు దాదాపు 43 మంది ఛాతీ ఎక్స్‌రే తీయబట్టే దొరికారు, లేకుంటే తప్పిపోయేవారు. అంటే ఉన్న పరీక్షలను వాడుకుంటేనే ఎంతోమంది ముందే బయటపడతారు. ల్యాబుకు చేరని రక్తాన్ని ఏ బయోమార్కరూ చదవలేదు.

ఈ విషయంలో మన పితరులు మనకంటే ముందున్నారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని టీబీ శానిటోరియం వేర్వేరు మిషన్లు శాఖాభేదాలు పక్కనబెట్టి కలిసి నిలబెట్టిన సంస్థ. 1912లో మొదలైన ఆ సేవకు డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ సారథి. మందులే లేని రోజుల్లో, అందరూ దూరం పెట్టిన రోగుల కోసం వారు ఒక ఊరే కట్టారు. మన దేశంలో బీసీజీ టీకా పని 1948లో మదనపల్లెలోనే మొదలైంది. మందులు వచ్చాక మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో ఇంకో మెట్టు ఎక్కించింది. సరైన మందు వాడితే రోగి ఇంట్లో ఉండే బాగుపడతాడని, అందువల్ల ఇంటివారికి అదనంగా ముప్పు పెరగదని తేల్చింది. రోగిని వెలివేయడానికి వైద్యపరంగా ఉన్న సాకు అప్పుడే పోయింది. మన మనసుల్లోంచే ఇంకా పోలేదు.

అందుకే మన సంఘాలకు నాలుగు విన్నపాలు చేస్తున్నాం.

ఒకటి, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నవారిని సంఘకాపరులు ప్రార్థించి ఆసుపత్రికి పంపాలి. కుదిరితే ఒక పెద్దను తోడు పంపాలి. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు, నడవగలిగినవానికి ఒక్కరు తోడు వెళ్లలేమా? స్వస్థత కూటంలో చేయి వేసి ప్రార్థించిన సేవకుడు మందు ఆపమని మాత్రం ఎన్నడూ చెప్పకూడదు. మధ్యలో ఆపిన మందు క్రిమిని మొండిదాన్ని చేస్తుంది, ఆ మొండి క్రిమి ఇంటిల్లిపాదికీ సోకుతుంది.

రెండు, గాలి. టీబీ గాలి ద్వారా వస్తుంది. ప్రభువు బల్ల పాత్ర వల్లనో, ప్రేమవిందు పళ్లెం వల్లనో రాదు. రోగికి వేరే గ్లాసు పెట్టి అవమానించి, మరోవైపు ఏసీ కోసం మందిరం కిటికీలన్నీ బిగించి రాత్రంతా ఉపవాస ప్రార్థన జరపడం తలకిందుల జాగ్రత్త. గ్లాసులు కలపండి, కిటికీలు తెరవండి.

మూడు, ఆహారం. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, రోగి ఇంటివారికి పోషకాహారం ఇస్తే వారిలో టీబీ దాదాపు 40 శాతం తగ్గింది. ఇంత మేలు చేసింది రోజువారీ తిండి. ప్రభుత్వం చికిత్స కాలంలో నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. సంఘ పరిచారకులు దానికి తోడుగా బియ్యం, పప్పు, గుడ్లు ఆ ఇంటికి చేర్చవచ్చు.

నాలుగు, నోరు. పరీక్ష ఫలితం రోగిది. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది కూడా ఆ మనిషి ఇష్టమే. ప్రార్థన విన్నపాల పేరుతో పేరు, రోగం వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. దేవునికి ఆ వివరాలు ముందే తెలుసు.

రక్త పరీక్ష వస్తుంది. ఈ ఏడో, మరికొన్ని ఏళ్లకో, దగ్గు వినబడకముందే జబ్బు జాడ చెప్పే సాధనం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలని ప్రార్థిద్దాం. ఆ రోజున కాగితం చేతబట్టుకుని భయంతో నిలబడిన మనిషి మొదట ఎవరి దగ్గరికి రావాలి? తన సంఘం దగ్గరికే రాగలగాలి. ఆమె బయటికి వెళ్లిపోయిన ఆదివారం నాడే ఒకరు లేచి వెనకే వెళ్లి, "అమ్మా, రేపు ఉదయం నేను వస్తాను, కలిసి ఆసుపత్రికి వెళ్దాం" అని చెప్పగలిగితే ఆ పని ఈ వారమే మొదలైనట్టు.