మరమ్మతు పక్షాన మా ప్రణాళిక

మేం డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసే తెలుగువాళ్ళం. కొందరం హైదరాబాద్, విజయవాడల్లో ఉంటాం, మరికొందరం సముద్రాల అవతల. పొట్టకూటికి వేరే ఉద్యోగాలున్నాయి. రాత్రుళ్ళూ ఆదివారాలూ దీనికి. మేం కొత్తవి కట్టం. ఉన్నవి పాడవకుండా చూస్తాం, పాడైతే బాగుచేస్తాం. ఇది చేతకానివాళ్ళు చేసే చిల్లర పని అని మా ఊళ్ళలోనూ మా ఆఫీసుల్లోనూ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గనక, ఏం చేస్తామో, ఏం చేయబోమో ఒకచోట రాసి పెడుతున్నాం.

డెబియన్ సంగతి తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టారు. దీనికి కంపెనీ లేదు, యజమాని లేడు. వెయ్యి మంది దాకా డెవలపర్లు స్వచ్ఛందంగా 60 వేలకు పైగా ప్యాకేజీల మంచిచెడ్డలు చూస్తారు. ఉబుంటు దీని మీదే నిలబడింది. చెన్నై సీ-డాక్ తెచ్చిన బాస్ లినక్స్ కూడా దీన్నుంచి పుట్టిందే. 1997లో వాడుకరులకు ఈ ప్రాజెక్టు రాసిచ్చిన సామాజిక ఒప్పందంలో, లోపాలను దాచబోమన్న హామీ ఉంది. బగ్‌ల చిట్టా మొత్తం తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. మా ప్రణాళిక ఆ హామీ మీదే నిలబడింది.

మొదటి మాట: అర్థం కానిచోట చెయ్యి పెట్టం.

ఇది ఊరికే పెట్టుకున్న నియమం కాదు. డెబియన్‌కి తలవంపులు తెచ్చిన ఒక పెద్ద బగ్ మరమ్మతులోంచే పుట్టింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని ఒక లైబ్రరీ ఉంది. కంప్యూటర్ల మధ్య రహస్యంగా మాట్లాడుకోవడానికి కావలసిన తాళంచెవులను తయారుచేసేది అదే. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే పరికరం, విలువ పెట్టని మెమరీని అందులో వాడుతున్నారని ఒకచోట హెచ్చరిస్తూ ఉండేది. 2006 మేలో ఆ గోల పోగొట్టడానికి డెబియన్ ప్యాకేజీలో రెండు లైన్లను కామెంటుగా మార్చేశారు. గోల పోయింది. దాంతోపాటు తాళంచెవుల్లో అంచనాకందని అంకెలను కలిపే దారి కూడా పోయింది. చివరికి మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, అది 32,768 దాటదు. అంటే ఒక్కో రకం కంప్యూటర్ మీద, ఒక్కో కొలత తాళంచెవికి, లోకం మొత్తానికి ఉన్నవి ముప్పై రెండు వేల చిల్లర. మామూలు కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ ముందే చేసి పెట్టుకోవచ్చు. లూసియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ దాన్ని పట్టుకోగా, 2008 మే 13న లోకానికి చెప్పారు. ఆ రెండేళ్ళలో డెబియన్ మీదా ఉబుంటు మీదా ఈ లైబ్రరీతో పుట్టిన తాళంచెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

ఆ మార్పు చేసినవారు అజాగ్రత్తగా చేయలేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళను ముందు అడిగారు, కాదనేవాళ్ళు కనపడలేదు. అయితే మార్పు మాత్రం వాళ్ళ కోడ్‌లోకి వెళ్ళలేదు, డెబియన్‌లోనే ఉండిపోయింది. అసలు కోడ్ రాసినవాళ్ళ కళ్ళు దాని మీద పడనే లేదు.

అందుకని హెచ్చరిక నోరు మూయించడాన్ని మేం మరమ్మతు కింద లెక్కెయ్యం. అది ఎందుకు వస్తోందో చెప్పగలిగితేనే ప్యాచ్ రాస్తాం; చెప్పలేకపోతే బగ్‌ను తెరిచే ఉంచుతాం, తెలిసినంతవరకు అందులో రాసి పెడతాం. దిద్దింది మా ఇంట్లోనే దాచుకోం, మూల ప్రాజెక్టుకు పంపుతాం. లినక్స్ కెర్నెల్‌లో 2005 నుంచి నడుస్తున్న స్టేబుల్ శాఖకూ ఇదే కట్టుబాటు: దిద్దుబాటు ముందు ప్రధాన కెర్నెల్‌లో చేరాలి, ఆ తర్వాతే పాత వెర్షన్లకు. పైగా ప్యాచ్ వంద లైన్లు మించకూడదని ఒక హద్దు. వంద లైన్లు దాటిందంటే మరమ్మతు పేరుతో ఇంకేదో సర్దుతున్నారని మా అనుమానం కూడా.

రెండో మాట రాతకు సంబంధించింది. బగ్ ఎక్కడ పుట్టిందో వెతకడానికి మా దగ్గర గిట్ బైసెక్ట్ ఉంది. బాగున్న వెర్షన్ ఒకటి, చెడిన వెర్షన్ ఒకటి చూపిస్తే మధ్యకు తీసుకెళ్ళి 'ఇక్కడ ఎలా ఉంది?' అని అడుగుతుంది, జవాబును బట్టి సగం పక్కన పెట్టేస్తుంది. వెయ్యి మార్పుల్లో దోషిని పది ప్రశ్నల్లో పట్టిస్తుంది. అంత సులువుగా దోషి దొరికాక, ఆ మార్పు వెంట రాసిన సందేశం తెరిచి చూస్తే 'చిన్న మార్పులు' అని ఉంటుంది చూడండి, అప్పుడు కలిగే కోపం మాటల్లో చెప్పలేం. కొండను తవ్వి ఎలుకను పట్టాక ఆ ఎలుక కూడా నోరు విప్పదు.

రాయడం అంటే ఎలాగో లినక్స్ కెర్నెల్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 2016లో చూపించారు. ఆ కెర్నెల్‌లో డర్టీ కౌ అనే భద్రతా లోపాన్ని మూస్తూ, ఇది పాత బగ్ అనీ, పదకొండేళ్ళ కిందట తానే ఒకసారి సరిగా దిద్దలేకపోయాననీ, అదీ ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీశారనీ ఆ సందేశంలోనే రాశారు. ఏ మార్పులో దిద్దారో, ఏ మార్పులో తీసేశారో వాటి గుర్తులతో సహా ఉంది. రేపు ఆ లైన్లు ముట్టుకోబోయేవాళ్ళు మెయిన్‌ఫ్రేమ్ సంగతి మరిచిపోవడానికి వీల్లేదు. మేం ఒప్పుకునే ప్యాచ్‌లలో ఏం జరిగేది, ఎందుకు జరిగేది, ఎలా పరీక్షించారు అన్న మూడూ ఉండాలి. ఇంగ్లిష్ వంకరగా ఉన్నా ఫర్వాలేదు. కృత్రిమ మేధతో ప్యాచ్ రాయించుకున్నవాళ్ళనూ రావద్దనం. కాకపోతే, ఆ లైను ఎందుకుందని అడిగినప్పుడు యంత్రం వైపు వేలు చూపిస్తే ఊరుకోం.

డెబియన్‌లో స్టేబుల్ అనే నిలకడ రిలీజ్ విషయానికి వస్తే, అక్కడ మేం ఛాందసులం. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఏ ప్రోగ్రాం ఏ వెర్షన్‌లో ఉందో, ఆయుష్షు తీరేదాకా దాదాపు అదే ఉంటుంది. బ్రౌజర్‌లాంటి వాటికి మినహాయింపు తప్పదు. మిగతావాటిలో లోపం బయటపడితే కొత్త వెర్షన్ తెచ్చిపెట్టం, ఆ ఒక్క దిద్దుబాటునే విడదీసి పాత కోడ్‌కి సరిపోయేలా కుట్టి ఇస్తాం. మీవన్నీ పాతవి అని కుర్రాళ్ళు వెక్కిరిస్తుంటారు. నిజమే, పాతవే. శుక్రవారం రాత్రి అప్‌డేట్ చేసి సోమవారం పొద్దున జీతాల పట్టిక తెరుచుకునే ఆఫీసుకు కావలసింది అదే.

అలాగని ఏదీ వదలమని డంబాలు పోం. 32 బిట్ల లెక్కలో కాలం 2038 జనవరి 19న మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల దాకానే ఉంది. తర్వాత సెకనులో 1901లోకి దొర్లుతుంది. డెబియన్ 13 కోసం వేల ప్యాకేజీలను మళ్ళీ బిల్డ్ చేసి, 32 బిట్ల ఆర్మ్ బోర్డుల మీద కాలాన్ని 64 బిట్లకు మార్చారు. కొత్త ఫీచర్ ఒక్కటీ లేదు, స్క్రీన్ మీద కనిపించే తేడా లేదు, అయినా ఎన్నో నెలలు పట్టింది. పాత 32 బిట్ల ఇంటెల్ పీసీలకు మాత్రం ఆ మార్పు చేయలేదు, 2025 ఆగస్టులో వచ్చిన ఆ రిలీజ్‌లో వాటికి ఇన్‌స్టాలరూ లేదు. బడి మూలనున్న పాత పీసీని ఇంకా నడిపిస్తున్న మాస్టారికి ఇది చేదు కబురే. ఏది ఎప్పటితో ఆగిపోతుందో ముందుగా, తెలుగులో చెప్పడం మా బాధ్యతగా తీసుకుంటున్నాం.

ఇక తెలుగు బగ్‌లు. వీటి విషయంలో మాకు వేరే దిక్కు లేదు, ఎందుకంటే తెలుగు చదవలేని డెవలపర్‌కు ఇవి కంటికి కూడా ఆనవు.

ఒకటి చూడండి. ఒకే చోట 'హైదరాబాద్' అని రెండు ఫోల్డర్లు. అక్షరం తేడా లేదు. ఒకదాంట్లో ఫైళ్ళున్నాయి, రెండోది ఖాళీ. ఒకే పేరుతో రెండు ఉండనివ్వకూడదు కదా, ఎలా ఉన్నాయి? ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాల రాయొచ్చు: 0సీ48 అనే ఒకే కోడుగా, లేదా 0సీ46 అనే ఎత్వం పక్కన 0సీ56 అనే ఐత్వపు గుర్తు పెట్టి. రెండూ సమానమేనని యూనికోడ్ నియమం. కానీ లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పేరును బైట్ల వరసగానే చూస్తుంది, బైట్లు వేరైతే పేరు వేరే. తప్పు దానిదా? ఇచ్చిన బైట్లను మార్చకుండా దాచడమే దాని పని. మరి ఫైల్ మేనేజర్‌దా, ముక్కలుగా రాసి పంపిన ప్రోగ్రాందా? ఇలాంటి బగ్ ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి తిరుగుతూ ఏళ్ళు గడిపేస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అని వెతికితే దొరకకపోవడమూ ఈ కోవదే. ఒకరు ట్ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు పెట్టి కొడతారు, ఒకరు పెట్టకుండా కొడతారు.

ఇలాంటి వాటిని ఒక వాకిట్లో కూర్చోబెట్టి తేల్చేదాకా వెంటపడతాం. అలాగని తెలుగు కోసం మాత్రమే అతుకులు వేయం. పోల్చేముందు రెండు పేర్లనూ ఒకే రూపానికి తెచ్చే ప్యాచ్ అయితే కన్నడానికీ తమిళానికీ కూడా పనికొస్తుంది, నలుగురు కాపలా కాస్తారు. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞ' తర్వాత కనపడని గుర్తూ దీర్ఘమూ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా మన అక్షరానికి మనం చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ కోడ్ మన చేతిలో లేదు. డెబియన్‌లో ఉంది.

బగ్ చెప్పేవాళ్ళ గురించి. మనవాళ్ళు కంప్యూటర్ మొరాయిస్తే ముందు తమను తాము తిట్టుకుంటారు. 'నేనేదో నొక్కేశానండీ' అంటారు డీటీపీ సెంటర్ ఆయన, ఎమ్మార్వో ఆఫీసు అమ్మాయి, ఎవరైనా. ఏదో నొక్కితే పని పాడవుతోందంటే అది బగ్‌గానే నమోదు చేస్తాం. తెలుగులో చెప్పినా, ఫోన్‌లో ఫొటో తీసి పంపినా తీసుకుంటాం. వెర్షన్ నంబరు, ఏం చేశారు, ఏం జరిగింది అన్నవి మేమే అడిగి రాబట్టి ఇంగ్లిష్‌లో రాసి, బగ్ నంబరు వాళ్ళ చేతికిస్తాం. 'మా దగ్గర బాగానే ఉంది' అని మూసేసే అలవాటును మాలో ఎవరు చూపినా నిలదీస్తాం. అదే సమయంలో, 'ఇంకా కాలేదా?' అని రోజుకోసారి గదమాయించే హక్కు ఎవరికీ లేదు.

ఆ గదమాయింపు ఎంతదాకా తీసుకెళ్తుందో 2024 మార్చి 29న తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ డెబియన్‌లో ఇంకా రిలీజ్ కాని అన్‌స్టేబుల్ శాఖ మీద వేరే పరీక్ష చేసుకుంటుంటే, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందనిపించింది. లాగితే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఆ లైబ్రరీని ఒక్కరే, జీతం లేకుండా, ఓపిక సన్నగిల్లినా నడుపుతూ వచ్చారు. పని నెమ్మదిగా ఉందని ఎవరో అనామకులు ఆయన్ని సతాయించారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికొచ్చి, రెండేళ్ళకు పైగా నమ్మకంగా మెలిగి తాళాలు చేజిక్కించుకున్నారు. స్టేబుల్‌లోకి రాకముందే దొరకడం మన అదృష్టం. అర సెకనును పట్టించుకునే మనిషి ఉండటం ఇంకా అదృష్టం.

కాబట్టి మా చేతిలో ఉన్న ఏ ప్యాకేజీకీ ఒంటరి కాపలా ఉండకుండా చూస్తాం, కనీసం ఇద్దరు. ఇల్లు, పిల్లలు, జబ్బు, విసుగు, ఏ కారణమైనా సరే, పక్కకు తప్పుకుంటానన్నవాళ్ళను ఎందుకని అడగం. చెప్పకుండా మాయమవడమే మాకు ఇబ్బంది.

డబ్బు మాట కూడా దాచుకోకుండా చెబుతాం. రాయలసీమలో చెరువు తవ్వినవాళ్ళకూ దాన్ని బాగులో ఉంచేవాళ్ళకూ దశబంధం ఇనాం అనే ప్రతిఫలం ఉండేది. మరమ్మతు చూసినంతకాలమే ఆ ఫలం. పూడిక తీయడం పుణ్యకార్యం, ఊరికే చేయండి అని ఆ ఊళ్ళు అనలేదు. మన నగరాల్లో సర్వర్లన్నీ ఇలాంటి కోడ్ మీద నడిపే కంపెనీలు కొత్త ఫీచర్ల పోటీలకు బహుమతులిస్తాయి, పాత లైబ్రరీ చూసేవారికి గంట సమయం ఇవ్వమంటే మేనేజర్‌ని అడగాలంటాయి. ఉద్యోగులకు పనివేళల్లోనే దీనికి సమయం ఇవ్వమని మా కోరిక. చందా ఇచ్చినవారి బగ్‌ను ముందుకు జరపం. ఏది ముందో తీవ్రతను బట్టే.

చేరదలచినవారికి పరీక్షలేం లేవు. రెజ్యూమెలో ఒక లైను కోసం రీడ్‌మీ ఫైల్‌లో కామాలు మార్చేవాళ్ళు మాత్రం దయచేసి రావద్దు. మీ డెబియన్‌లో హౌ-కెన్-ఐ-హెల్ప్ అనే ప్యాకేజీ వేసుకోండి. మీ కంప్యూటర్‌లో ఉన్న ప్యాకేజీల్లోనే ఏవి చూసేవాళ్ళు లేక వదిలేసి ఉన్నాయో, దేనికి రిలీజ్‌ను ఆపేంత బగ్ ఉందో అదే చెబుతుంది. రోజూ వాడేది ఒకటి ఎంచుకోండి. ఎవరైనా ఇప్పటికే పట్టుకున్నారేమో బగ్ చిట్టాలో చూసుకుని, లేకపోతే మీ పేరు రాయండి. మొదటి ప్యాచ్ పంపేముందు మాలో ఒకరికి చూపించండి, పక్కన కూర్చుంటాం.