సీసాలో మైలేజీ

మొన్న కారు సర్వీసింగుకిస్తే, అడక్కుండానే బిల్లులో ఇంజెక్టర్ క్లీనర్ పేరిట 500 రూపాయలు వేశారు. "ఎందుకయ్యా?" అంటే "మైలేజీ పెరుగుతుంది సార్" అన్నాడు సూపర్‌వైజరు. ఎంత పెరుగుతుందో, ఎవరు కొలిచారో చెప్పలేదు.

రక్షణశాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి, లెక్కే వేద్దాం. సీసా ప్రభావం 100 లీటర్ల దాకా వుంటుందనుకుందాం. లీటరు 100 రూపాయల లెక్కన 5 శాతం ఆదా అయితేగాని సీసా ఖరీదే రాదు. ట్రాఫిక్కు, ఏసీ వల్లే మైలేజీ అంతకన్నా ఎక్కువ మారుతుంది. మరి పెరిగింది సీసా వల్లేనని ఎలా తెలిసింది? తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందనడానికీ దీనికీ తేడా ఏమిటి?

పూర్తిగా బూటకమని అనను. పాలిఈథర్‌అమీన్ వున్న మందు ఇంజెక్టర్ కొనల మీది మడ్డిని వదిలిస్తుంది, అది రసాయనశాస్త్రమే. అయితే మడ్డి వుంటే కదా వదిలేది! లోపలి కాయిలు కాలిపోతే ఏ మందూ పనిచేయదు. రోగం లేనివాడికి మందు పోయడం వైద్యం కాదు, వ్యాపారం.

1996లో రామర్ పిళ్ళై మూలికా పెట్రోలును చదువుకున్నవాళ్ళే నమ్మారు. అప్పుడూ ఇప్పుడూ అడగవలసింది ఒకటే: ఋజువేదీ? ఆ పద్దు కొట్టేయించాకే నేను బిల్లు కట్టాను. మీరూ అడగండి.