ఒంగోలు అమ్మ పేర్ల పుస్తకం

విశ్వాసం గురించి మాట్లాడేవాళ్లకు మనలో కొదవ లేదు. దాన్ని రోజువారీ పనిగా పెట్టుకున్నవాళ్లే అరుదు. అలాంటి మనిషి ఒకరు డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో, పన్నెండో మైలు రోడ్డు మీది గ్రంథాలయంలో తారసపడ్డారు. ఎనభై దాటిన మనిషి. నేతచీర మీద మందపాటి కోటు, ఒళ్లో పెద్దక్షరాల తెలుగు బైబిలు. చూసి దగ్గరికెళ్లి నమస్కారం పెట్టాను.

"వందనాలు నాయనా, కూర్చో. మనవరాలు పుస్తకాలు చూసుకుంటోంది, దానికింకా టైముంది" అన్నారు.

ఒంగోలు ఆవిడది. నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కూతురు తీసుకొచ్చింది. ఇంగ్లీషు అంతంతమాత్రం, కారు నడపడం రాదు, చలికాలమంతా ఇంట్లోనే. ఇలా వచ్చిన పెద్దవాళ్లందరూ చెప్పేది ఒకటే, పొద్దుపోదని. ఆవిడ మాత్రం "పొద్దు చాలదు నాయనా" అన్నారు. సంచీలోంచి బడిపిల్లల నోటుబుక్కు తీసి చూపించారు. పేజీల నిండా పేర్లే. మోకాలి ఆపరేషనైన పొరుగింటావిడ, ఉద్యోగం పోయిన అల్లుడి స్నేహితుడు, మంచు పడుతున్నా ఉత్తరాలు తెచ్చిచ్చే పోస్టుమ్యాన్. ఇంగ్లీషు పేర్లను మనవరాలి చేత పలికించుకుని తెలుగులో రాసుకున్నారు. తెల్లవారుజామున లేచి ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థన చేస్తారట. వాళ్లకీ సంగతి తెలుసా అని అడిగాను. "వాళ్లకెందుకు చెప్పడం? చెప్పుకోవాల్సింది ఆయనకు."

మాటల్లో చిన్నకొడుకు పోయిన సంగతి చెప్పారు. ఎందుకిలా చేశావని దేవుణ్ని అడగలేదా అన్నాను. "అడిగా. చాలాకాలం అడిగా. జవాబు రాలా. కానీ నన్నొదిలి పోలా ఆయన." అంతే. నాకు ఉపదేశమేమీ చేయలేదు. నా మతమేదో అడగలేదు. పేరడిగారు, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగారు. మనవరాలు రాగానే లేచి వెళ్లిపోయారు.

ఆవిడ ఊరి చరిత్ర తెలిసినవాళ్లకు ఆ నోటుబుక్కు వింతగా తోచదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, స్థానిక క్రైస్తవుడొకరు, ఇద్దరు స్థానిక స్త్రీలు జూలియా, రూతు. ఫలితం లేదు, నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు తర్జనభర్జన పడిన రోజులవి. ఆ మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. తిండికోసం మతంలోకి వస్తారేమోనని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ కథలో క్లౌ పేరు అందరికీ తెలుసు. జూలియా, రూతుల పేర్లు ఎందరికి తెలుసు? ఊరూరా కాలినడకన తిరిగి, గుమ్మాల్లో కూర్చుని చదివి వినిపించిన బైబిలు స్త్రీలు లేకపోతే ఆ సంఘాలు నిలిచేవి కావని నా నమ్మకం.

అమెరికా బాప్టిస్టు స్త్రీలు 1871లో సొంతంగా సంఘం పెట్టుకున్నారు. ఎన్నడూ చూడని దేశాల్లోని ఆడవాళ్ల కోసం చందాలు పోగుచేశారు, ప్రార్థించారు. ఇప్పుడు ఒంగోలు ఆడపడుచు అమెరికాలో కూర్చుని అక్కడి పోస్టుమ్యాన్ కోసం ప్రార్థిస్తోంది. ఇది బాకీ తీర్చడం కాదు. ఆవిడ ఆ లెక్కలు వేసే మనిషే కాదు.

ఫార్మింగ్టన్ ప్రాంతంలో 1824లో మొదట స్థిరపడినవాళ్లు క్వేకర్లు. మౌనంగా కూర్చుని ప్రార్థించడం వాళ్ల పద్ధతి. వాళ్లుంటే ఈ పెద్దావిడను తమ మనిషే అనుకునేవారు. మరి మనం? గుడికి వెళ్లేవాళ్లు ఒక జట్టు, చర్చికి వెళ్లేవాళ్లు ఒక జట్టు అన్నట్టు బతుకుతున్నాం. ఒకే వీధిలో ఉండి కూడా ఒకరి పెద్దల్ని ఒకరం ఎరగం. ఈ ఉగాదికి మీ పక్క వీధి క్రైస్తవ అమ్మమ్మను కూడా పిలవండి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌధరి కీర్తన ఒకటి పాడించుకోండి. ఆవిడ అడిగితే, మీ ఇంట్లోవాళ్ల పేర్లూ చెప్పండి.